శాపం పలికే గొంతు

రంగస్థలం మీద పండిపోయిన మీ ముందు నేనివాళ ఒక అమెరికన్ టీవీ సీరియల్ గురించి మాట్లాడబోతున్నాను. దాని పేరు ‘డార్క్ షాడోస్’. నిర్మాత డాన్ కర్టిస్. 1966 జూన్ నుంచి 1971 ఏప్రిల్ దాకా ఏబీసీలో వారానికి ఐదు రోజులు, పగటిపూట వచ్చింది. మొత్తం 1225 ఎపిసోడ్లు. ‘అతి’ అని మనం తేలిగ్గా కొట్టిపారేసే నటన ఎక్కడ అవసరమో ఈ సీరియల్ చూస్తే తెలుస్తుంది.

కథాస్థలం మెయిన్ రాష్ట్రంలో కాలిన్స్‌పోర్ట్ అనే కల్పిత ఊరు, అందులో కాలిన్‌వుడ్ అనే భవంతి. ఇంటి యజమానురాలు ఎలిజబెత్ 18 ఏళ్లుగా గడప దాటలేదు. భర్తను తానే చంపాననీ, శవం నేలమాళిగలో ఉందనీ ఆమె నమ్మకం. తీరా తవ్వి చూస్తే అక్కడ శవమే లేదు. ఒకప్పటి హాలీవుడ్ తార జోన్ బెనెట్ ఈ పాత్ర వేసింది. రక్తపిశాచి రాకముందే ఆ ఇంటిని అపరాధభావం పట్టి పీడిస్తోందన్నమాట.

1967 ఏప్రిల్‌లో ఆ రక్తపిశాచి, బార్నబాస్ కాలిన్స్, వచ్చాడు. నగల కోసం పాత సమాధిలో శవపేటిక తెరిచిన విల్లీ లూమిస్ అతన్ని లోకం మీదికి వదిలాడు. కొన్ని వారాలు ఉండి పోవలసిన పాత్ర అది. జనం పోనివ్వలేదు. రచయితలు కథను 1795కు తీసుకెళ్లి, అతను అలా ఎందుకయ్యాడో చెప్పవలసి వచ్చింది.

అక్కడ ఆంజెలీక్ ఉంది. బార్నబాస్ పెళ్లాడబోయే జోసెట్ కుటుంబంతో మార్టినీక్ దీవి నుంచి వచ్చిన పరిచారిక, మంత్రాలు తెలిసినది. ఆమెకు బార్నబాస్ కావాలి, బార్నబాస్‌కు జోసెట్ కావాలి. చివరికి అతను ఆంజెలీక్‌ను తుపాకితో కాలుస్తాడు. చచ్చిపోతున్నాననుకుని ఆమె శపిస్తుంది: అతన్ని ప్రేమించినవాళ్లెవరూ బతకకూడదని.

మామూలు కుటుంబ కథలో కోపంతో అన్న మాట తెల్లారేసరికి మరిచిపోతారు. ఇక్కడ అన్నది అన్నట్టు జరుగుతుంది. దుర్వాసుడి నోట మాట వస్తే శకుంతల బతుకు తలకిందులైన కథ విని పెరిగిన మనకు ఇది వేరే చెప్పాలా? అంత బరువున్న మాటను సహజత్వం పేరుతో నోట్లో నోట్లో గొణిగితే ఆ తర్వాతి కథకు కాళ్లుండవు. ఆంజెలీక్ వేసిన లారా పార్కర్ ఆ శాపాన్ని నిండు గొంతుతో, నమ్మి పలికింది. అది అతి కాదు, ఆ మాటకు తగిన కొలత.

ఆ శాపం ఫలించిన తీరు చూడండి. జోసెట్ కొండ మీంచి దూకుతుంది. బార్నబాస్ తల్లి నేయోమీ విషం తాగుతుంది. తనను చంపెయ్యమని బార్నబాస్ తన తండ్రి జాషువాను వేడుకుంటాడు. కఠినుడని ఊరంతా పేరున్న జాషువాకు చేతులు రావు. కొడుకున్న శవపేటికకు గొలుసులు కట్టిస్తాడు. నాకు ఈ సీరియల్లో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఈ తండ్రే. పిశాచాల కథలోంచి పిశాచాన్ని తీసేసినా ఈ దుఃఖం మిగులుతుంది.

చిత్రీకరణ దాదాపు నాటకంలాగే సాగేది. టేపు ఎడిటింగ్ ఖరీదైన పని కనుక మాట తడబడినా, మైకు నీడ కనబడినా అలాగే ప్రసారమయ్యేది. బార్నబాస్ వేసిన జొనాథన్ ఫ్రిడ్ కెనడావాడు, షేక్‌స్పియర్ నాటకాల్లో ఆరితేరినవాడు. రోజూ కొత్త సంభాషణలు కంఠస్థం చెయ్యడం ఆయనకు కష్టమయ్యేది. ఆ కంగారు తెర మీద బార్నబాస్ యాతనగా కనిపించేది. ప్రేక్షకులు దాన్ని ప్రేమించారు.

చివరగా, మళ్లీ వర్తమాన కథలోకి వస్తే, డాక్టర్ జూలియా హాఫ్‌మన్. బార్నబాస్ గుట్టు పసిగట్టి, ఇంజెక్షన్లతో అతన్ని మళ్లీ మనిషిని చెయ్యబోయి, అతన్నే ప్రేమించింది. అతనికోసం అబద్ధాలాడింది. అతనేమో జోసెట్‌ను మరువలేడు. గ్రేసన్ హాల్ ఈ పాత్రను ఎక్కడా తగ్గించి నటించలేదు. కొందరు విమర్శకులకు అదే మింగుడుపడదు. నేను వాళ్లతో ఏకీభవించను. శాపాలు తెలిసిన, కాలం దాటి వచ్చే ఆంజెలీక్ ఎదుట, ఏ మంత్రమూ తెలియని ఈ ఆడమనిషి నిలబడాలి. ఆమె దగ్గరున్నది ఆ గొంతూ, ఆ కళ్లూ మాత్రమే. వాటిని హాల్ పూర్తిగా వాడుకుంది.