మన కొండల అడవికోడి



సీతంపేట, సాలూరు కొండల దాపున సేద్యం చేసేవారికి అడవికోడి కొత్త కాదు. తెలతెలవారుతూండగా సామ, చోడి చేల అంచున గింజలేరుకుంటూ కనబడుతుంది. మనిషి అలికిడైతే పొదలోకి దూరిపోతుంది. అయితే అది నిజంగా అడవికోడా, లేక ఊళ్లోంచి తప్పిపోయిన నాటుకోడా? రంగొక్కటే చూస్తే మోసపోతాము.

అడవికోడి అన్నిచోట్లా ఒక్క రంగున ఉండదు. గోదావరికి దక్షిణాన, నల్లమల వైపున ఉండేది బూడిదరంగుది. దాని మెడ ఈకలపై మైనపు బొట్లవంటి చుక్కలుంటాయి. మన వైపుది ఎర్రది. పందెం రాయుళ్లు కాకిడేగ అంటారే, ఇంచుమించు ఆ రంగు. ఎర్రవాటిలోనూ మళ్ళీ తేడాలున్నవి. మన దేశపు పుంజుకు చెవి తమ్మె తెలుపు. బర్మా, థాయిలాండు వైపుదానికి ఎరుపు. మన ఇళ్లలోని కోళ్ళకు మూలం ముఖ్యంగా ఆ తూర్పు ఎర్రకోడేనని 2020లో జన్యు పరిశోధకులు తేల్చారు.

ఇక గుర్తులు. అడవి పుంజు కాళ్ళు పలకరంగు. తోక దించి నడుస్తుంది, తోక మొదట తెల్లని కుచ్చు ఉంటుంది. కూత మన పుంజులా సాగదీయదు, చివర టక్కున తెగిపోతుంది. పెట్టకు తురాయి ఉన్నదా లేదా అన్నట్టుంటుంది. తురాయి బాగా కనిపిస్తే నాటురక్తం కలిసిందని అనుమానించాలి.

అన్నిటికన్నా గట్టి గుర్తు వానకాలంలో దొరుకుతుంది. ఆషాఢ శ్రావణాలలో అసలైన అడవి పుంజు మెడమీది బంగారు ఈకలు రాల్చి, పొట్టి నల్ల ఈకలు తొడుగుతుంది. పొడుగు తోక ఈకలూ పోతాయి. పాపం, అప్పుడు దాన్ని చూస్తే పుంజని ఎవరూ అనరు! కలగలుపు పుంజుకు సాధారణంగా ఈ మార్పు రాదు.

ఈ కలగలుపే ఇప్పటి బెడద. అడవి అంచున వదిలిన నాటుకోళ్ళు వాటితో జతకట్టి అసలు జాతిని పలచన చేస్తున్నవి. కొక్కెర తెగులు కూడా ఇటునుంచి అటు పాకగలదు. కాబట్టి కోళ్ళను అడవిలోకి మేతకు తోలకండి, పొద్దుగూకేసరికి గూట్లో మూయండి. పశువైద్యశాలలో కొక్కెర టీకా వేయించండి. ఉచ్చులు పన్నడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అడవిలో దొరికిన గుడ్లు తెచ్చి ఇంటి పెట్ట కింద పొదగవేయడమూ మానాలి; ఆ పిల్లలు పెరిగినా మచ్చికకు రావు, సందు దొరికితే కొండెక్కుతాయి.