రాళ్ల గదిలో ఒక పూట



వేలూరు కోటలోని ప్రభుత్వ సంగ్రహాలయానికి విహారయాత్రగా వచ్చే బాలబాలికలను గమనించినవారికి ఒక సంగతి తెలుస్తుంది. శిల్పాల ముందు నిలుస్తారు, జంతువుల ముందు గుమిగూడుతారు. శిలలు, ఖనిజాలు ఉన్న అద్దాల బీరువాలను మాత్రం నడకలోనే దాటివేస్తారు. ఇందులో దోషం పిల్లలది కాదు. రాయి తనంతట తాను మాట్లాడదు. దానిచేత మాట్లాడించే పెద్దలు వెంట ఉండాలి.

చెన్నై ఎగ్మోరులోని సంగ్రహాలయానిదీ ఇదే కథ. 1851లో డాక్టర్ ఎడ్వర్డ్ బాల్ఫర్ ఆధ్వర్యంలో అది ప్రారంభమైనప్పుడు దాని మూలధనం మద్రాసు లిటరరీ సొసైటీ అందించిన సుమారు 1,100 భూగర్భశాస్త్ర నమూనాలే. నేడు జగత్ప్రసిద్ధమైన కంచు విగ్రహాలు ఆ తరువాత వచ్చి చేరినవి. రాళ్లతో పుట్టిన సంగ్రహాలయంలో రాళ్లకే చూపరులు కరువు కావడం విచిత్రం!

ఆ రాళ్లకు చరిత్ర లేదా? కలకత్తా నగర స్థాపకుడుగా పేరొందిన జాబ్ చార్నాక్ సమాధిపై ఒక నల్లని ఫలకం ఉన్నది. 1893లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానిని పరీక్షించి, అది మద్రాసు సమీపంలోని పల్లావరం ప్రాంతపు శిల అని గుర్తించి, ఆ జాతికి చార్నకైటు అని నామకరణం చేశాడు. భూమి లోతులలో తీవ్రమైన వేడిమికి, ఒత్తిడికి లోనై రూపుదిద్దుకొన్న శిల అది. నీలగిరులలోనూ, సేలం వద్ద షెవరాయ్ కొండలలోనూ అదే కనిపిస్తుంది. దక్షిణాది రాతికి ఉత్తరాది సమాధి పేరు పెట్టిందన్నమాట.

ఇక తెలుగు పిల్లల విషయం. సంగ్రహాలయంలోని వివరణ పలకలు తమిళంలోనూ ఆంగ్లంలోనూ ఉంటాయి. ఇంట్లో విన్న మాటకూ బీరువాలోని రాతికీ ముడివేసేవారు లేకపోతే, ఆ మాట ఇంటితోనే ఆగిపోతుంది. నిజానికి తెలుగులో రాళ్లకు పేర్ల కొదువ లేదు. క్వార్ట్జును పలుగురాయి అంటారు. అభ్రకాన్ని పల్లెవారు కాకిబంగారం అని ముద్దుగా పిలుస్తారు. గుడియాత్తంలోగాని వేలూరులోగాని వంటింటి అలమరకు పరచిన నల్లని బండ పేరే కడప రాయి; తమిళులకు కూడా అది కడపయే.

ముగ్గురాయి సంగతి మరింత చిత్రం. శాస్త్రం దానిని బెరైటీసు అంటుంది. రైల్వే కోడూరు సమీపంలోని మంగంపేట వద్ద ఉన్న నిక్షేపం ప్రపంచంలోని మిక్కిలి పెద్దవాటిలో ఒకటి. నీటికి సుమారు నాలుగున్నర రెట్లు బరువైన ఈ రాతిని పొడిచేసి, చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు. ఆ బరువే లోపలి నుండి ఎగదన్నే చమురును, వాయువును అణచి ఉంచుతుంది. ముంగిట ముగ్గులో విన్న పేరు చమురు బావి అడుగున వినిపించడం పిల్లలకు ఎంత వింత! యాత్రకు ముందురోజే ఒక ముగ్గురాతి ముక్కను, అదే పరిమాణం గల పలుగురాతిని పిల్లల రెండు చేతులలో ఉంచితే చాలు, ఉపన్యాసం అక్కరలేదు.

ఒక్క పూటలో సంగ్రహాలయమంతా తిప్పడం శ్రమదండుగ. ఒక గది, పిల్లవానికి ఒక రాయి, నోటుపుస్తకంలో ఒక పుట: రంగు, మెరుపు, తెలుగు పేరు, శాస్త్రనామం. బయటికి వచ్చాక కోటగోడ ఎలాగూ ఉన్నది. విజయనగర కాలంలో పేర్చిన ఆ రాళ్లలోని తెల్లని, నల్లని రేణువులను దగ్గరగా చూపవచ్చు. తాకవద్దనే పలక అక్కడ లేదు.

తిరుగు దారిలో పాలారు ఒడ్డున కాసేపు ఆగాలి. ఏటిలో నీరు అరుదే గాని ఇసుక ఉంటుంది. కొండరాయి అరిగి అరిగి అలా వచ్చింది. కాగితంపై పిడికెడు పొడి ఇసుక పోసి అయస్కాంతాన్ని తిప్పితే నల్లని రేణువులు వెంట్రుకల్లా లేచి అంటుకొంటాయి. అది మాగ్నటైటు, ఇనుప ఖనిజం. వాటిని పొట్లం కట్టుకొని ఇంటికి తీసుకుపోనివ్వండి.