కాపురమున్న కోట

కోట యనగానే మన మనస్సునకు తోచునవి కూలిన బురుజులు, గబ్బిలములు తిరుగు చీకటి గదులు. కోట నేటికిని ఒక కుటుంబమునకు ఇల్లై యుండుట అరుదు. స్కాట్లండు పడమటి తీరమున మల్ ద్వీపములోని డ్యూఆర్ట్ కోట అట్టిది.

ఓబన్ రేవునుండి మేము ఓడలో బయలుదేరితిమి. ముప్పాతిక గంట ప్రయాణము. ద్వీపము చేరకముందే ఎడమవైపున, సముద్రములోనికి చొచ్చుకొనివచ్చిన రాతిగుట్టపై బూడిదవన్నె గోడలు కనబడినవి. వచ్చిపోవు ఓడలపై కన్ను వేసియుంచుటకే ఈ చోటు నెన్నుకొనిరని చూడగానే తెలిసినది.

ఇది మెక్లీన్ వంశమువారి కోట. ప్రాకారము 13వ శతాబ్ది నాటిది. నివాసపు బురుజు 14వ శతాబ్ది నాటిది. 1691లో ఇది ఆర్గైల్ ప్రభువు వశమైనది. పిదప సైనికుల ఠాణాయై, 1751లో వారును విడిచిపోగా పాడుపడినది. కప్పు లేని గోడలు 160 ఏండ్లు గాలివానలకు నానినవి.

1911లో ఆ వంశనాయకుడు సర్ ఫిట్జ్‌రాయ్ మెక్లీన్ ఈ శిథిలములను కొనెను. అప్పటికే ఆయనకు 75 ఏండ్లు నిండినవి! జాన్ జేమ్స్ బర్నెట్ అను వాస్తుశిల్పిచే కోటను బాగుచేయించి అందు కాపురముండి, 101 ఏండ్లు నిండిన పిమ్మట 1936లో కన్నుమూసెను.

లోపల చెరగదులు, విందుశాల, పడకగదులు చూచితిమి. సముద్రమునకు ఎదురుగా అద్దముల గది యున్నది. ఫిట్జ్‌రాయ్ మనుమడు 1959లో కామన్వెల్తు స్కౌట్లకు అధినాయకుడయ్యెను. ఆ జ్ఞాపకచిహ్నములును ఇందున్నవి. చరిత్రపటముల చెంతనే కుటుంబపు ఛాయాచిత్రములుండుట మాకు ముచ్చటగొలిపినది.

కాని ఇట్టి ఇంటిలో కాపురము సులువు కాదు. ఈదురుగాలి వాననీటిని రాళ్ల సందులలోనికి తరిమికొట్టును. 2013-14 శీతకాలపు తుపానులకు కొన్ని గదుల లోకప్పులు కూలినవి. పైకప్పును, పొగగొట్టములను, కిటికీలను మరల బాగుచేయవలసివచ్చినది. చూడవచ్చువా రిచ్చు రుసుము ఆ వ్యయమునకు కొంత తోడగును.

కోటను ఒకసారి నిలబెట్టినంతమాత్రమున పని ముగియదు. తాత కప్పించిన కప్పును మనుమడు కనిపెట్టి యుండవలెను. ఎక్కడ చుక్క కారుచున్నదో ముందుగా తెలియునది ఆ ఇంట నిదురించువారికే కదా! డ్యూఆర్ట్ కోట నేటికిని నిలిచియుండుటకు దాని గోడల మందమెంత కారణమో, అందలి కాపురమును అంత కారణమని మాకు తోచినది.