ఎవరూ చూడని చోట



ఒక వేసవి సెలవులలో చిత్తూరు నుండి కుటుంబముతో విశాఖపట్నం వెళ్లాము. అక్కడ స్థిరపడిన మా సంఘ పెద్ద ఒకరు నన్ను ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కు తీసుకొని వెళ్లారు. 1884లో ఆరంభమైన క్లబ్ అది. సముద్రపు గాలి, ఎగుడుదిగుడు నేల. స్కాట్లాండు తీరపు ఇసుక దిబ్బల మీద పెరిగిన ఆట కదా, అటువంటి చోటనే దాని సంగతి తెలుస్తుంది. మామిడి తోటల్లో గోలీలాడి పెరిగిన నాకు ఆ కర్ర పట్టుకోవడమే కొత్త.

నా బంతి మిట్ట దాటి పొదలో పడింది. ఆయన మిట్టకు అవతల ఉన్నారు. చుట్టూ ఎవరూ లేరు. కాలితో బంతిని మెల్లగా గడ్డి మీదికి నెట్టి కొట్టాను. "ఎన్ని దెబ్బలు, అయ్యగారూ?" అని ఆయన అడిగితే "ఐదు" అన్నాను. కార్డు మీద ఐదు వేశారు. నిబంధన ప్రకారము మరో రెండు కలిపి ఏడు చెప్పవలసినది.

ప్రియులారా, ఈ ఆటలో సాధారణంగా వెంట అంపైరు ఉండడు. ఎవరి తప్పు వారే చెప్పుకోవాలి. 1925లో అమెరికా ఓపెన్ పోటీలలో బాబీ జోన్స్ అనే ఆటగాని బంతి గడ్డిలో కొంచెం కదిలింది. ఎవరూ చూడలేదు. ఆయనే చెప్పి ఒక దెబ్బ అదనంగా వేయించుకున్నాడు. ఆ ఒక్క దెబ్బ లేకుంటే గెలిచేవాడే! చివరికి సమానమై, మళ్లీ ఆడిన ఆటలో ఓడిపోయాడు.

ఆ రాత్రి ప్రార్థనకు మోకరిస్తే మాట రాలేదు. పోతీఫరు ఇంట ఎవరూ లేని వేళ యోసేపు దేవుని ఎదుట ఉన్నానని ఎరిగి పారిపోయాడు (ఆదికాండము 39). నేనో, ఒక అంకె కోసము పడిపోయాను. కానుకల లెక్క చూచే చేయి కూడా ఇదే కదా!

తెల్లవారి ఆయనతో ఒప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. జేబులోని కార్డు తీసి, ఐదు కొట్టివేసి ఏడు వేశారు. "ఇప్పుడు టిఫిన్ తిందాం రండి అయ్యగారూ" అన్నారు. ఆ ఇడ్లీ ఎంత రుచిగా ఉందో!

సహోదరుడా, మామిడికాయల కాటా దగ్గర, పాలు కొలిచే చోట, పరీక్ష గదిలో నీ కార్డు మీద ఏ అంకె ఉంది? దిద్దుకోవడానికి నేడు సమయమున్నది. ఒప్పుకొనే వారిని ప్రభువు త్రోసివేయడు.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, ఎవరూ చూడని చోట మమ్మును నిజాయితీగా నిలుపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.