రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి

పెనుమూడి కృష్ణ ఒడ్డున నున్న ఊరు. ఆవలి గట్టున పులిగడ్డ. వంతెన లేని రోజులలో ఈ రెండు గట్లను కలిపినది పడవ. నేడు వంతెనమీదుగా 216వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. ధాన్యపు లారీలు, రొయ్యల వ్యానులు, పెండ్లివారి కార్లు రాత్రింబవళ్లు ఆ దారిన సాగుచున్నవి.

ఆ ఊరిలో మా బావగారొకరున్నారు. నాలుగెకరముల వరి, ఒక చిన్న రొయ్యల చెరువు ఆయన ఆస్తి. తల్లిగారికి మూత్రపిండములు చెడినందున వారమునకు రెండుమార్లు ఆమెను డయాలిసిస్‌కై గుంటూరు తీసికొని పోవలసియున్నది. అద్దె కారులకు పోసిన డబ్బు లెక్క చూచుకొని, సొంత బండి కొనుటయే మేలని ఆయన నిశ్చయించినారు. చేతనున్నది 5 లక్షలు. అందులో సగము రొయ్యల పంటమీద వచ్చినది; తక్కిన సగము మా అక్కగారి గాజులు బ్యాంకులో కుదువబెట్టి తెచ్చినది. అంత డబ్బుతో కొత్త ఎస్.యు.వి. రాదు. పాతదే కొనవలెను, అదియు బాగుగా తిరిగినదే దొరకును.

చిన్న కారు చాలదా బావగారూ యని మేమడిగినాము. “వానాకాలంలో మా డొంకలోకి వచ్చి చూడు బావా, చెబుతాను” అని ఆయన నవ్వినారు. నల్లరేగడి బురదలో అడుగు ఎత్తుగా నున్న బండికే దారి. అమ్మగారు వెనుక సీటులో పండుకొని రావలెను, వెంట మరొక మనిషి ఉండవలెను. ఈ కారణములు మాకు సబబుగానే తోచినవి. పెద్దబండిని దర్జాకొరకు కొనువారి సంగతి వేరు. వారికి మేము చెప్పదగినది లేదు.

మొదట చూచిన బండి విజయవాడలోనిది. 2016వ సంవత్సరపు మోడలు. మీటరుమీద 68 వేల కిలోమీటర్లు మాత్రమే. రంగు అద్దమువలె మెరయుచున్నది. వెల 4 లక్షల 80 వేలు. అదే మోడలునకు బయట పలుకు ధరకంటె లక్షన్నర తక్కువ. యజమాని అమెరికా పోవుచున్నాడు గనుక తొందరగా అమ్ముచున్నాడని దళారి చెప్పినాడు. బావగారి కన్నులలో ఆశ కనబడినది. మేమును, నిజము చెప్పవలెనన్న, మెత్తబడినాము.

మాతో రేపల్లెనుండి ఒక మెకానిక్ వచ్చినాడు. అతడు బానెట్టు జోలికి పోలేదు. ముందు సీటు బెల్టును పట్టి, చివరి అంగుళము వరకు బయటికి లాగినాడు. బెల్టు పైభాగము శుభ్రముగా నున్నది. లోపల చుట్టుకొనియుండు చివరి మూరెడు మేర మట్టిరంగు చార. సీటు క్రింది పట్టాలమీద తుప్పు. కాలిక్రింది తివాచీ ఎత్తి చూడగా వైర్ల అతుకులవద్ద పచ్చని చిలుము.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలు మునిగిన సంగతి మనమెవ్వరమును మరువలేదు. ఆ మరునాడు ప్రకాశం బ్యారేజివద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినది. ఆ నీరే పెనుమూడి వంతెన క్రిందుగా సముద్రమునకు పోయినది. మునిగిన ఇండ్లతోపాటు ముంగిట నున్న కార్లును రోజుల తరబడి నీటిలో నిలిచినవి. అట్టివానిలో బాగుచేయుట గిట్టని బండ్లకు బీమా కంపెనీలు సొమ్ము చెల్లించి, వానిని తుక్కు ధరకు అమ్మివేయుట వాడుక. ఆ తుక్కును కొన్నవారందరును దానిని తుక్కుగానే ఉంచరు. కడిగి, ఆరబెట్టి, రంగువేసి సంతకు తెచ్చువారు కలరు.

మునిగిన బండి వెంటనే మొరాయించదు. అదియే దానితో చిక్కు. ఈనాటి బండిలో ఇంజనును నడుపునది ఒక చిన్న కంప్యూటరు. దాని వైర్లలో చేరిన తేమ ఆరు నెలలకో సంవత్సరమునకో తన పని చేయును. ప్రమాదమున విచ్చుకొనవలసిన గాలిసంచి విచ్చుకొనకపోవచ్చును. మునిగియున్నప్పుడు ఎవరైన తాళము త్రిప్పియుందురా, సిలిండరులోనికి నీరు పోయియుండును. నీరు గాలివలె అణగదు గనుక లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగియుండును. అర్ధరాత్రి తల్లిని గుంటూరు తీసికొనిపోవలసిన మనిషికి ఇట్టి బండి ఉచితముగా ఇచ్చినను వద్దు.

ఇక ఆ 68 వేల అంకె. బ్రేకు పెడలుమీది రబ్బరు అరిగి ఇనుము కనబడుచున్నది. స్టీరింగు చక్రము నున్నబడియున్నది. 70 వేలు నిండని బండికి అవి అంతగా అరుగవు. మీటరును వెనుకకు త్రిప్పుటకు ఈ రోజులలో లాప్‌టాపు, ఒక వైరు ఉన్న చాలును. కొన్ని నిమిషముల పని. కావున మీటరును నమ్ముటకుముందు సర్వీసు బిల్లులు అడుగవలెను. ప్రతి బిల్లుమీదను ఆనాటి కిలోమీటర్లు వ్రాసియుండును. టైరు ప్రక్కను నాలుగంకెలు అచ్చువేసియుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. అంకెలు ఒకదానితో నొకటి పొందకున్న లేచి రావలెను. మేమును లేచి వచ్చినాము. దారిలో బావగారు తెనాలి వరకు మాటలాడలేదు.

రెండవ బండిని ఫోనులోనే చూచినాము. ఢిల్లీ రిజిస్ట్రేషను, డీజిలు, వెల 3 లక్షలు. ఢిల్లీ బండ్లు చౌకగా వచ్చుటకు కారణము కలదు. పది సంవత్సరములు నిండిన డీజిలు బండ్లను అచ్చట తిప్పరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచినది. 2025లో ఆ కోర్టే కొంత ఊరట కలిగించినది గాని, ఈలోపల అచ్చటి బండ్లు దక్షిణాదికి ప్రవాహమువలె వచ్చినవి. బండి మంచిదే కావచ్చును. అయితే ఢిల్లీ రవాణా కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము రావలెను. ఇచ్చట మరల రిజిస్టరు చేయించి లైఫ్ టాక్సు కట్టవలెను. వీనిని కలుపుకొన్న తరువాతనే అది చౌకయో కాదో తెలియును. వేయి మైళ్ల దూరములో నున్న బండి క్రిందికి దూరి చూచు మెకానిక్ మనకు లేడు గనుక దానిని వదలుకొన్నాము.

మూడవది వంతెన దాటగానే, అవనిగడ్డలో దొరకినది. 2015వ సంవత్సరపు బొలెరో. మీటరుమీద 1 లక్షా 94 వేలు. బావగారు ఆ అంకె చూచి వెనుదిరుగబోయినారు. “రెండు లక్షలు తిరిగినదాంట్లో ఇంకేం మిగులుతుంది?” అన్నారు.

యజమాని ఇటీవలనే పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. ఉద్యోగకాలమంతయు ప్రతిదినము మచిలీపట్నము పోయి వచ్చినారట. ఆ దూరము లెక్కవేసిన మీటరుమీది అంకెకు సరిపోయినది. బిల్లులన్నియు దారము కట్టి ఫైలులో ఉంచినారు. రహదారిమీద ఒకే వేగమున నడచిన ఇంజను వేడి నిలుకడగా నుండును, క్లచ్చి తక్కువ అరుగును, నూనె సకాలమున మార్చినచో లోపలి భాగములు చెడవు. వీధిలో ఆగుచు, కదలుచు 70 వేలు తిరిగిన బండికంటె ఇట్టిది మేలుగా ఉండుట కలదు. ఆ తరహా బండికి ఛాసిస్ వేరు, పైబాడీ వేరు; వెనుక కమాను పట్టీలు. ఊగును, కుదుపును; కాని రేపల్లెలోనే బాగుచేయువారున్నారు, సామాను తెనాలిలో దొరకును. తక్కువ డబ్బుతో కొనువారికి ఇది చిన్న విషయము కాదు. జనరల్ మోటార్స్ 2017 చివర మన దేశమున అమ్మకములు ఆపినది. ఫోర్డు 2021లో ఇచ్చట కార్ల తయారీ విరమించుచున్నట్లు ప్రకటించినది. అట్టి కంపెనీల బండి కొనుటకుముందు సామాను ఎచ్చట దొరకునో విచారించుకొనవలెను.

మరునాడు తెల్లవారుజామున, ఇంజను చల్లగా నున్నప్పుడు పోయినాము. అమ్మువాడు ముందే వేడిచేసి ఉంచిన ఇంజను తన దోషములు చెప్పదు. ఒక్క త్రిప్పునకే అందుకొన్నది. పొగ నీలముగా వచ్చిన నూనె మండుచున్నదని, ఆగక తెల్లగా వచ్చిన నీరు చేరుచున్నదని అనుమానింపవలెను, రెండును లేవు. నూనె మూత తీసిచూడగా ఆవిరి పొంగలేదు. క్లచ్చి మాత్రము జారుచున్నది, ముందు బుష్‌లు కొట్టుకొనుచున్నవి, రెండు టైర్లు అయిపోయినవి. మెకానిక్ క్రిందికి దూరి ఛాసిస్‌ను సుత్తితో తట్టి చూచినాడు. ఉప్పుగాలి, రొయ్యల చెరువుల ఉప్పునీరు మన తీరపు బండ్లను క్రిందినుండి తినివేయును. పై తుప్పే తప్ప లోతు లేదన్నాడు.

బేరము 3 లక్షల 90 వేలకు కుదిరినది. 5 లక్షలున్న మనిషి 5 లక్షల బండి కొనరాదని మేము మొదటినుండి పట్టుబట్టినాము. బాగుతిరిగిన బండి ఇంటికి వచ్చిన నెలలోనే మరల డబ్బు అడుగును. క్లచ్చి, బుష్‌లు, టైర్లు, బ్యాటరీ, అన్ని నూనెలు కలిసి 62 వేలైనవి. బీమాకును, పేరు మార్పునకును మరి 18 వేలు. మిగిలిన 30 వేలు మా అక్కగారు గాజుల అప్పునకు జమకట్టినారు.

కాగితముల మాట కొంత చెప్పవలెను. ఆర్.సి.లో బ్యాంకు అప్పు ఉన్నదా, కట్టని చలానాలున్నవా అనునవి డబ్బు ఇచ్చుటకుముందే పరివాహన్‌లో చూచుకొనవచ్చును. 29, 30వ నంబరు ఫారములమీద సంతకములు తీసికొని ఊరకుండరాదు. పేరు మారినదాక వెంటబడవలెను. బండి చేతులు మారినను రికార్డులో ఎవరి పేరున్నదో వారే ప్రమాద పరిహారమునకు బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ఈ తొందర కొన్నవారికంటె అమ్మినవారికి ఎక్కువ ఉండవలెను. 14 దినములలో బీమా కంపెనీకి తెలుపవలెను. పాత యజమానికి గల నో క్లెయిమ్ రాయితీ కొన్నవారికి రాదు. ఈ బండి రిజిస్ట్రేషను 2030 వరకు చెల్లును. ఆ పిమ్మట పరీక్షకు పెట్టి, ఐదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను.

అన్నియు చూచుకొన్నామని మేము గర్వపడుచుండగా మొదటి ప్రయాణము నాడు ఒకటి బయటపడినది. బండి ఎత్తు. అమ్మగారు కాలెత్తి ఎక్కలేకపోయినారు. ఇంతమందిమి పోయి ఇంజను చూచినాము, ఛాసిస్ తట్టినాము. ఎక్కవలసిన మనిషిని తీసికొనిపోయి ఒక్కసారి ఎక్కించి చూడలేదు. మా అక్కగారు లోపలికి పోయి వంటింటి ముక్కాలిపీట తెచ్చి తలుపువద్ద వేసినారు. మెట్టు బిగింపించువరకు ఆ పీట వెనుక సీటు క్రింద గుంటూరు పోయి వచ్చుచుండెను.