కళ్ళకు కూడా పంచాంగము
(మన సంఘము ఉగాది ఉత్సవములలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే శాస్త్రిగారు పంచాంగము చదివి, ఏ రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో వినిపించినారు. అందరమూ శ్రద్ధగా విన్నాము. ఏటికొకసారి రాబోవు కాలము తెలిసికొనవలెనని ఇంత ఆసక్తి గల మనము, ఏటికొకసారి మన కళ్ళ స్థితి తెలిసికొనుటకు ఎందుకు పోము? ఈ ప్రశ్న అడుగుటకే కార్యవర్గమువారు నాకు పది నిమిషములు దయచేసినారు. నేను డాక్టరును కాను. మెట్రిక్ ప్యాసై రైల్వేలో గుమాస్తా పని చేసుకొనువాడను. ఉద్యోగములో తెలిసినది, వైద్యులను అడిగి తెలిసికొన్నది, మా ఇంట జరిగినది మాత్రమే చెప్పెదను.

మొదట రైల్వే సంగతి. ఇంజను డ్రైవరుకు 45 ఏండ్లు వచ్చువరకు నాలుగేండ్లకొకసారి, 45 నుండి 55 వరకు రెండేండ్లకొకసారి, ఆ పైన ఏటేటా వైద్య పరీక్ష జరుగును. అందులో కంటిచూపు ముఖ్యము. ఎరుపు, పచ్చ గుర్తించలేనివానికి ఇంజను అప్పగించరు. స్వీడను దేశములో 1875లో లాగర్‌లుండా వద్ద రెండు రైళ్ళు ఢీకొన్న తరువాత, హోల్మ్‌గ్రెన్ అను పండితుడు రంగురంగుల ఉన్నిదారములతో రైల్వే సిబ్బంది కళ్ళను పరీక్షించు పద్ధతి తెచ్చినాడు. వయస్సు పెరిగినకొద్దీ పరీక్షల మధ్య గడువు తగ్గుచుండుట గమనించండి. అది అనుభవము మీద కట్టిన నియమము. మన ఇండ్లలోని ఆడవారికి, పిల్లలకు, ముసలివారికి అటువంటి నియమమేదీ లేదు. రైలు నడుపువానికి ఉన్న జాగ్రత్త సంసారము నడుపువారికి వద్దా?

ఇక మా ఇంటి సంగతి. మాది పావగడ తాలూకా. తుమకూరు జిల్లాలో ఉన్నా దాదాపు నాలుగు ప్రక్కలా ఆంధ్రదేశమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము. వాన తక్కువ, వేరుశనగే ఆధారము. మా మేనమామ అక్కడ సేద్యము చేసేవాడు. యాభై దాటిన తరువాత ప్రక్క నుండి వచ్చు ఎద్దు కనపడక తగులుకొనుట, గడప తట్టుకొని తూలుట మొదలైనది. ఎదుట నిలిచిన మనిషి మాత్రము బాగుగనే కనపడేవాడు. అందుచేత వయస్సు మళ్ళినదని అందరూ ఊరకున్నారు. వైద్యునికి చూపించునప్పటికి ఒక కన్ను పూర్తిగా పోయినది. రెండవ దానిలో కొద్దిపాటి చూపు మిగిలినది. నీటికాసులు అన్నారు.

నీటికాసులలో సాధారణముగా కంటిలోపలి ఒత్తిడి హెచ్చి, చూపును మెదడుకు చేర్చు నరము చెడిపోవును. తరచుగా నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మొదట ప్రక్కచూపు పోవును. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదానిని మాత్రము మందుతో నిలుపుకొనవచ్చును. ఈ జబ్బు రక్తసంబంధీకులలో వచ్చు అవకాశము హెచ్చని విని మా అమ్మను పరీక్షకు తీసికొనిపోతిమి. “నాకేమి నాయనా, వీధి చివరనుండే ఎవరు వస్తున్నారో చెప్తాను” అని ఆమె ఒప్పుకొనలేదు. బ్రతిమాలి తీసికొనిపోగా, తొలిదశలో నీటికాసులున్నట్లు తేలినది. ఆనాటినుండి ప్రతి రాత్రి చుక్కలు వేసుకొనుచున్నది. మనుమల ముఖములు చూచుకొనుచున్నది. అన్న చూపు పోయినది, చెల్లెలి చూపు నిలిచినది. జబ్బు ఒక్కటే; తేడా పరీక్షలో ఉన్నది.

కంటి పరీక్ష ముసలివారికే అనుకొనరాదు. నెలలు నిండక పుట్టిన శిశువుకు ముప్పై దినములలోపల కంటి వెనుక పొరను పరీక్ష చేయించవలెను. ఆలస్యమైతే చూపు దక్కకపోవచ్చును. మెల్లకన్ను అదృష్టమని మన పల్లెల్లో మురిసిపోవుదురు. కాని ఆ కంటిని చిన్నతనముననే బాగుచేయనిచో మెదడు దానిని వాడుట మానివేయును. ఏడెనిమిదేండ్లు దాటినకొద్దీ బాగుచేయుట కష్టము. బడిలో నల్లబల్ల కనపడని పిల్లవాడు మందమతి అని దెబ్బలు తినును. వానికి కావలసినది బెత్తము కాదు, కళ్ళద్దము. పిల్లలను రోజూ కొంతసేపు ఆరుబయట ఆడనిచ్చిన హ్రస్వదృష్టి తగ్గునని కూడా వైద్యులు చెప్పుచున్నారు.

నలభై దాటగానే పత్రికను చేయి చాచి చదువుట ఆరంభమగును. దానిని మనము చత్వారమందుము, కన్నడిగులు చాళీసు అందురు. రెండు మాటలకూ మూలము నలభయ్యే. సంతలో అద్దాలు కొని పెట్టుకొన్నచో అక్షరములు కనపడవచ్చును గాని కంటి ఒత్తిడి ఎవరు చూచినట్లు? మధుమేహము గలవారు చూపు బాగున్నా ఏటేటా కంటి వెనుక పొరను చూపించుకొనవలెను. శుక్లము ముదరవలెనని కాచుకొని కూర్చొననక్కరలేదు. పనికి అడ్డము వచ్చినప్పుడే ఆపరేషను చేయించుకొనవచ్చును. కంటిలో వరికంకి, ముల్లు గుచ్చుకొన్నప్పుడు ఆకుపసరు పిండుట చాల ప్రమాదము.

చూపించుకొనుటకు చోటు లేదనుటకు వీలులేదు. బిళగిలో పుట్టిన డాక్టర్ ఎం. సి. మోదీ 1943 నుండి ఊరూర శిబిరములు పెట్టి, లక్షల మందికి శస్త్రచికిత్స చేసినారు. హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు ఎల్. వి. ప్రసాద్ నేత్రసంస్థను స్థాపించినారు. తెలంగాణములో 2018 ఆగస్టు 15న కంటివెలుగు పథకము మొదలైనది. ఆంధ్రలో అదే పేరుతో 2019 అక్టోబరు 10న మా పొరుగుననున్న అనంతపురములోనే బడిపిల్లలతో ఆరంభించినారు. మా పావగడలో స్వామి జపానందగారి శ్రీ రామకృష్ణ సేవాశ్రమమువారు శ్రీ శారదాదేవి కంటి ఆసుపత్రి నడుపుచున్నారు. కావలసినది మనము బయలుదేరుట మాత్రమే.

వలస వచ్చినవారము మనము. పండుగకో జాతరకో ఊరికి పోయినప్పుడు బట్టలు, మిఠాయిలు తీసికొనిపోవుదుము. అమ్మ “బాగున్నాను” అనును, మనము నమ్మి బండి ఎక్కుదుము. ఈసారి ఒక్క పూట ఎక్కువ ఉండి, తల్లిదండ్రులను కంటి ఆసుపత్రికి తీసికొనిపొండి. ఇక్కడ మీ పిల్లలకు, ఇంటి ఇల్లాలికి, మీకు కూడా పరీక్ష చేయించండి. ఆ తేదీని గోడమీది క్యాలెండరులో వ్రాయండి. వచ్చే ఉగాదికి పంచాంగ శ్రవణము అయిన వెంటనే, ఎవరెవరు చూపించుకొన్నారో ఈ సభలోనే ఒకరినొకరము అడుగుకొందము.