సేవకు వచ్చిన చేతిని వెనక్కి పంపవద్దు
(యువజన సేవాదళం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సేవాదళం నియమావళి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. దళంలో ఎవరు చేరవచ్చు? ఈ ప్రశ్నకు మన దగ్గర ఇంతవరకు రాతపూర్వకమైన జవాబు లేదు. "ఖిద్మత్ చేయాలని ఉన్నవాళ్ళెవరైనా" అని నోటిమాటగా అంటాం. ఆ 'ఎవరైనా' అన్న మాటలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదే నేటి మా విషయం. సూటిగా చెప్పాలంటే, మగపిల్లవాడిగా పుట్టి తాను ఆడపిల్లననీ, ఆడపిల్లగా పుట్టి తాను మగవాడిననీ, లేక ఈ రెండింటిలో దేనిలోనూ ఇమడలేననీ భావించే పిల్లల సంగతి. ప్రభుత్వ కాగితాల్లో వీరిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అంటున్నారు. వీధిలో వీరికి పెట్టిన పేర్లు ఈ వేదికపై పలకదగినవి కావు.

మన సభలో ఈ ప్రస్తావన దేనికి అని కొందరికి అనిపించవచ్చు. వినండి. మాకు తెలిసిన ఒక ఊళ్ళో రంజాన్ నెలలో బీదలకు రేషన్ కిట్లు కడుతున్నారు. పంతొమ్మిదేళ్ళ మనిషి ఒకరు మూడు రాత్రులు వచ్చి బియ్యం తూచి, పప్పు, ఖజూరం పొట్లాలు కట్టారు. నాలుగో రాత్రి గేటు దగ్గర ఎవరో, "రేపట్నించి నువ్వు రాకు, జనం ఏమన్నా అనుకుంటరు" అన్నారు. ఆ మనిషి మారు మాట్లాడకుండా వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. కమిటీవారిని అడిగితే మేమట్టి తీర్మానమేదీ చేయలేదన్నారు. అధ్యక్షులు తాను అనలేదన్నారు. ఎవరూ చేయని తీర్మానం అమలైపోయింది! నియమం రాసుకోని చోట గేటు దగ్గర నిలబడ్డవాడి నోరే నియమం అవుతుంది. అందుకే రాసుకుందాం అంటున్నాము.

బడిలో పనిచేసే మా వంటివారికి ఈ సంగతి కొత్త కాదు. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో ఒక పిల్లవాడి నడక, గొంతు తోటివాళ్ళకు నవ్వులాట అవుతుంది. హాజరు పట్టీలో వరుసగా గైర్హాజరు పడుతుంది. ఎవరూ పేరు కొట్టివేయరు, పిల్లవాడే కనబడకుండా పోతాడు. అట్టివారికి ఇల్లు, బడి రెండూ దూరమైనప్పుడు మిగిలే చోటు మన సేవాదళం వంటిదే. అక్కడా తలుపు వేస్తే ఆ పిల్లలు ఎక్కడికి పోవాలి, చెప్పండి?

ఇతర సంస్థల సంగతి చూద్దాం. 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం, అంటే ఎన్.ఎస్.ఎస్., మొదలయింది. 'నేను కాదు, నీవు' అన్నది దాని నినాదం. ఏడాదికి 120 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. అక్కడ మనిషిని కొలిచేది పనిచేసిన గంటలతోనే.

ఎన్.సి.సి. సంగతి వేరు. 1948 నాటి చట్టం పురుష విద్యార్థులకు ఒక విభాగం, స్త్రీ విద్యార్థులకు ఒక విభాగం అని రాసింది. 2021 మార్చిలో కేరళ హైకోర్టు ఒక ట్రాన్స్‌జెండర్ విద్యార్థిని పిటిషన్‌పై, ఆమెను బాలికల విభాగంలో చేర్చుకునేందుకు పరిశీలించాలని చెప్పింది. విషయం అంతటితో తేలలేదు. 2025 నవంబరులో అదే కోర్టు మరొక కేసులో, ఉన్న చట్టం ప్రకారం వీలుపడదనీ, మార్పు గురించి ప్రభుత్వమే ఆలోచించాలనీ అన్నది. వారి చేతులు చట్టం కట్టివేసింది. మన చేతులు ఎవరు కట్టారు? మన నియమావళి మనం రాసుకునేదే గదా!

అమెరికాలో 1910లో పుట్టిన బాయ్ స్కౌట్స్ సంస్థ పుట్టుక సర్టిఫికెట్టు చూసి పిల్లలను చేర్చుకునేది. 2016లో న్యూజెర్సీ రాష్ట్రంలో ఎనిమిదేళ్ళ పిల్లవాడొకణ్ణి, ఆడపిల్లగా పుట్టాడన్న కారణంతో దళం నుంచి తీసివేశారు. దేశమంతా చర్చ జరిగింది. 2017 జనవరిలో సంస్థ తన పద్ధతి మార్చుకుని, దరఖాస్తులో ఏమి రాస్తే అదే ప్రమాణం అన్నది. మారింది ఫారంలో ఒక గడి చదివే తీరు మాత్రమే.

మన గడ్డ చరిత్ర మాత్రం చేదుగా ఉంది. నిజాం కాలంలో ఫసలీ 1329లో, అనగా 1919లో, హైదరాబాదు రాజ్యంలో హిజ్రాలపై ఒక చట్టం వచ్చింది. వారి పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. ఆడదుస్తుల్లో బజారులో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్ళలోపు బాలుడు వారి దగ్గర ఉంటే జైలు. నూరేళ్ళకు పైగా పుస్తకాల్లో ఉన్న ఈ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో హైదరాబాదు పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ సహాయకులుగా తీసుకున్నారు. ఒకనాడు పోలీసు పట్టుకోదగిన మనుషులు నేడు పోలీసు పక్కన నిలబడి మనకు దారి చూపారు.

2019లో పార్లమెంటు చేసిన చట్టం చదువులో, ఉద్యోగంలో, వైద్యంలో వీరిపై వివక్షను నిషేధించింది. 'సంస్థ' అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన అర్థంలో సొసైటీలు, ట్రస్టులు కూడా ఉన్నాయి. ఫిర్యాదులు వినేందుకు ప్రతి సంస్థ ఒక వ్యక్తిని నియమించాలని కూడా పెట్టింది. మన సంఘం దీనికి అతీతం కాదు.

ఇక దీన్ మాట. పన్నెండో శతాబ్దంలో మర్గీనానీ రాసిన 'అల్ హిదాయా'లో ఖున్సా గురించి, అంటే శరీర లక్షణాలను బట్టి స్త్రీయా పురుషుడా తేల్చలేని మనిషి గురించి, ప్రత్యేక అధ్యాయమే ఉంది. నమాజులో అట్టి మనిషి పురుషుల సఫ్‌కు వెనుక, స్త్రీల సఫ్‌కు ముందు నిలవాలని ఫుఖహా చెప్పారు. ఏ సఫ్‌లో నిలవాలని చర్చించారే గాని, మసీదు బయట నిలవమనలేదు. ఖున్సా విషయం, నేడు మనం మాట్లాడుతున్న విషయం అచ్చంగా ఒకటి కావని మాకు తెలుసు. నికాహ్, విరాసత్, ఆపరేషన్ల మాట ఉలేమాలు చూసుకుంటారు, వారిలోనూ భిన్నాభిప్రాయాలున్నాయి. మన ముందున్నది బియ్యం బస్తా మోసే సంగతి. సూరె హుజురాత్ 11వ ఆయత్ ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని, మారుపేర్లు పెట్టి పిలవడాన్ని నిషేధించింది. ఈ హుకుంలో భిన్నాభిప్రాయమేదీ లేదు గదా!

"మరి మా ఆడపిల్లలను శిబిరానికి పంపేదెట్లా?" అని తల్లులు అడుగుతారు. ఆ భయం తీసిపారేయదగినది కాదు. ఐతే రక్షణ నియమం నడవడిని చూడాలి, మనిషి పుట్టుకను కాదు. కాబట్టి అందరికీ వర్తించేటట్లు ఐదు నియమాలు ప్రతిపాదిస్తున్నాము.

ఒకటి, దరఖాస్తులో స్త్రీ, పురుష, ఇతర అన్న గడిలో వారు రాసిందే ప్రమాణం, రుజువు అడగరాదు. రెండు, ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతోనే పిలవాలి, మారుపేరు పెట్టినవారిపై చర్య ఉంటుంది. మూడు, ఎవరైనా తమ సంగతి నాయకుడికి చెప్పుకుంటే అది వారి అనుమతి లేనిదే మొహల్లాకు పొక్కరాదు. నాలుగు, శిబిరంలో స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది ప్రతి ఒక్కరికీ ఉండాలి, పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లలతో ఏ పెద్దమనిషీ ఒంటరిగా ఉండరాదు. ఐదు, ఫిర్యాదు వినడానికి ఇద్దరుండాలి, అందులో ఒకరు మహిళ కావాలి, వారం రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి.

ఈ ఐదింటికి పెద్ద ఖర్చు లేదు. గదికి ఒక గడియ, ఆఫీసులో ఒక రిజిస్టరు చాలు. వచ్చే సర్వసభ్య సమావేశంలో వీటిని తీర్మానంగా పెట్టి, చర్చించి, ఓటుకు వేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము. కాదనదలచినవారు కూడా సభలో లేచి నిలబడి కాదనాలి, గేటు దగ్గర గుసగుసగా కాదు. తీర్మానం నెగ్గితే దాని నకలు రంజాన్ రేషన్ పని మొదలయ్యే లోపల గేటుకు అంటించాలని మా మనవి.